ఆరు మీటర్ల లెక్క

"కండ్లెట్లున్నయ్?" అని అడిగితే ఓరుగల్లులో చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకటే మాట చెబుతారు: "సిక్స్ బై సిక్స్." పెళ్లి మాటల్లో పిల్లగాడి మేనమామ చెబుతాడు. హన్మకొండలో గది అద్దెకు తీసుకుని పోలీసు ఉద్యోగానికి కోచింగ్ పోతున్న కుర్రాడు చెబుతాడు. కాజీపేటలో రైలింజను నడిపేవాళ్ల ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా ఆ మాట తెలుసు. చెప్పేటప్పుడు గొంతులో ఒక ధీమా ఉంటుంది, ఆరు మార్కులకు ఆరూ వచ్చాయన్న ధీమా.

నిజానికి ఆ ఆరు మార్కులు కావు, మీటర్లు. తెలియకపోతే కొంప మునిగేదేముంది అనిపించవచ్చు. కానీ ఈ భిన్నం మీదే వరంగల్‌లో ఒకరికి ఉద్యోగం వస్తుంది, ఇంకొకరికి చేతిదాకా వచ్చింది పోతుంది. ఒకరికి పింఛను మంజూరవుతుంది, అదే వరుసలో వెనక నిలబడ్డవాళ్లకు కాదు. దేశంలో అంధులు ఎందరన్న లెక్క తేలేదీ దీనితోనే. అంత పెత్తనం చేసే ఈ భిన్నానికి కొత్తవాడలో మగ్గం ముందు కూర్చున్న మనిషి తెగిన పోగును వెతుక్కునే అవస్థ మాత్రం అస్సలు ఆనదు. అక్కడికి చివర్లో వద్దాం. ముందు భిన్నం సంగతి.

అద్దంలో అక్షరాలు

కంటి పరీక్ష గదిలో గోడకు వేలాడే పలక అందరికీ తెలిసిందే. పైన ఒకే ఒక పెద్దక్షరం, కిందికి దిగేకొద్దీ చిన్నవి, చిట్టచివర చీమల్లాంటివి. దాన్ని 1862లో తయారుచేసినవాడు హెర్మన్ స్నెల్లెన్, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో కంటివైద్యుడు. అంతకుముందు కూడా వైద్యులు అక్షరాలు చదివించేవారు. అయితే అచ్చుపుస్తకంలో ఉన్న టైపు సైజులే వాళ్లకు కొలమానం. ఒక వైద్యుడు "బాగానే కనిపిస్తోంది" అన్నది ఇంకొక ఊళ్లో వైద్యుడికి ఉపయోగపడేది కాదు. స్నెల్లెన్ చేసిన పని అక్షరాన్ని కోణంతో కొలవడం.

ఆయన లెక్క ఇది. ఒక డిగ్రీ కోణాన్ని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నిమిషం అంటారు. రెండు గీతల మధ్య ఎడం కంటి దగ్గర కనీసం ఒక నిమిషం కోణం చేస్తే, ఆరోగ్యంగా ఉన్న కన్ను వాటిని రెండుగా గుర్తుపడుతుందని ఆయన తీసుకున్నాడు. అక్షరాన్ని అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లలో గీశాడు. ఒక గీత మందం ఒక గడి, అంటే ఒక నిమిషం. అక్షరం మొత్తం ఐదు నిమిషాలు. దీన్ని ఆరు మీటర్ల దూరానికి వేసి చూస్తే అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు వస్తుంది, గీత మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 6/6 వరుస అంటే అదే. అన్నింటికన్నా పైనున్న పెద్దక్షరం దానికి పదింతలు, సుమారు 87 మిల్లీమీటర్లు. దాన్ని మాత్రమే చదవగలిగితే 6/60.

భిన్నంలో పైఅంకె మీరు కూర్చున్న దూరం. కిందిఅంకె, అదే అక్షరాన్ని మామూలు కన్ను ఎంత దూరం నుంచి చదవగలదో ఆ దూరం. హన్మకొండ బస్టాండులో నర్సంపేట బస్సు వస్తోందనుకోండి. పక్కనున్నాయన పద్దెనిమిది మీటర్ల దూరంలో ఉండగానే బోర్డు చదివి సీటు కోసం పరుగెత్తాడు. మీకు అది ఆరు మీటర్ల దగ్గరికి వచ్చాక గాని తెలియలేదు. మీ చూపు 6/18. సీటు పోయింది నిజమే గాని, చూపు మూడో వంతే మిగిలిందని అర్థం కాదు. 6/18 చూపుతో మనిషి వండుకుంటాడు, నడుస్తాడు, ఎదురొచ్చిన చుట్టాన్ని పలకరిస్తాడు. భిన్నం కదా అని శాతాల్లోకి మార్చడం మన బడి అలవాటు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు.

ఆరు మీటర్లే ఎందుకంటే, అంత దూరం నుంచి వచ్చే వెలుతురు కిరణాలు దాదాపు సమాంతరంగా కంట్లోకి వస్తాయి. వాటిని కుదురుగా నిలపడానికి కంటిలోని కటకం ఒళ్లు వంచాల్సిన పని ఉండదు. గది చిన్నదైతే మూడు మీటర్ల దూరంలో అద్దం పెట్టి, అక్షరాల పలకను రోగి తల వెనక తగిలిస్తారు. పోను మూడు, రాను మూడు. అమెరికావాళ్లు ఇదే దూరాన్ని అడుగుల్లో చెబుతారు కాబట్టి అక్కడ 20/20 అయింది. ఇరవై అడుగులకూ ఆరు మీటర్లకూ తేడా పది సెంటీమీటర్లు కూడా ఉండదు. ‘ట్వంటీ ట్వంటీ విజన్’ అన్నది ఇంకేదో దివ్యదృష్టి అనుకునేవాళ్లు మనలో ఉన్నారు గాని, అది మన సిక్స్ బై సిక్సే.

ఇంకో సంగతి. పలక 6/6తో ఆగిపోనక్కర్లేదు. పాతికేళ్ల లోపు ఆరోగ్యమైన కళ్లు చాలా వరకు 6/5 చదివేస్తాయి, కొన్ని 6/4 కూడా. అంటే స్నెల్లెన్ గీసిన గీత నూటికి నూరు కాదు, ఇంతకు తగ్గకూడదన్న హద్దు మాత్రమే. సిక్స్ బై సిక్స్ మీద గర్వపడేవాళ్లు పాస్ మార్కులకు మిఠాయిలు పంచుతున్నారన్నమాట.

పెళ్లిలో అరుంధతిని చూపించే ఆచారాన్ని కొందరు పాతకాలపు కంటిపరీక్ష అంటారు. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన ఆ చిన్న చుక్క. రెండింటి మధ్య ఎడం దాదాపు పన్నెండు నిమిషాల కోణం. స్నెల్లెన్ అడిగింది ఒక్క నిమిషమే. ఆ లెక్కన అరుంధతీ వశిష్ఠుల మధ్య కావాల్సినంత జాగా ఉంది, 6/6 లేని పెళ్లికొడుకు కూడా విడదీసి చూడొచ్చు. చిక్కల్లా అరుంధతి మసక చుక్క కావడం. చీకట్లో మసక వెలుగును పట్టడం ఒక శక్తి, పగటి వెలుతురులో నల్లని గీతలను విడదీయడం వేరొక శక్తి. పలక కొలిచేది రెండోదాన్నే. పట్టపగలు ముహూర్తంలోనూ "కనిపించింది" అని తలూపే వధూవరుల నిజాయితీని కొలిచే పలక ఇంకా రాలేదు.

పలక మీద తెలుగు అక్షరాలుంటే లెక్క ఇంకాస్త వంకర పోతుంది. స్నెల్లెన్ ఐదు గళ్ల చదరం ఇంగ్లిషు ఇ కి, ఎఫ్ కి కుదిరినట్టు మన గుండ్రటి లిపికి కుదరదు. ద, ధ, థ మధ్య తేడా అక్షరంలో ఐదో వంతుకన్నా చిన్నది. కింద ఒత్తు కనపడాలి, లోపల చుక్క కనపడాలి. ప, ష సంగతీ అంతే. అందుకే చదువు రానివాళ్ల కోసం పెట్టే, నాలుగు దిక్కులకూ తిప్పిన ఇ గుర్తుల పలక ఒక్కోసారి చదువుకున్నవాళ్లకూ నమ్మకంగా పనిచేస్తుంది. ఎడంచేతితో ఒక కన్ను మూసుకుని కుడిచేతి మూడు వేళ్లతో పైకా కిందికా అని చూపిస్తే చాలు. బట్టీ పట్టడానికీ అందులో వీలు తక్కువ. ఉద్యోగం కోసం మెడికల్‌కు పోయే ముందు పలకలోని చివరి రెండు వరుసలు కంఠతా పట్టే కుర్రాళ్లున్నారని వైద్యులకు బాగా తెలుసు. అందుకే కొందరు వరుసను కుడి నుంచి ఎడమకు చదవమంటారు.

సైటూ, పాయింట్లూ

మన మాటల్లో ఒక తమాషా ఉంది. "పిల్లకు సైటొచ్చింది" అంటే చూపు వచ్చిందని కాదు, తగ్గిందని. ఆ వెంటనే అడిగే ప్రశ్న "ఎన్ని పాయింట్లు?" అని. ఇక్కడే రెండు వేర్వేరు కొలతలు కలిసిపోతాయి.

పాయింట్లంటే అద్దం పవరు. దాని కొలమానం డయాప్టర్. 1872లో ఫెర్డినాండ్ మోనోయర్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని ప్రతిపాదించాడు. (ఈ పెద్దమనిషి తానూ ఒక అక్షరాల పలక తయారుచేసి, వరుసల అంచుల్లో కింది నుంచి పైకి చదివితే తన పేరే వచ్చేలా పేర్చుకున్నాడు.) ఒక డయాప్టర్ అద్దం సమాంతర కిరణాలను ఒక మీటరు దూరంలో కూడగడుతుంది, రెండు డయాప్టర్లది అర మీటరులో. హ్రస్వదృష్టి ఉన్న పిల్లకు మైనస్ రెండు పవరు అంటే అర మీటరు దాకా ఏ అద్దమూ లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది, దాన్ని దాటితే మసక. క్లాసులో నల్లబల్ల అర మీటరులో ఉండదు గదా. అందుకే పుస్తకం బాగా చదివే పిల్ల బోర్డు మీదివి పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటుంది.

పవరు అద్దానిది, 6/6 కంటిది. మైనస్ ఆరు పవరు ఉన్న కుర్రాడు అద్దాలు పెట్టుకుని హాయిగా 6/6 చదవొచ్చు. అసలు పవరే లేని పెద్దమనిషి శుక్లం ముదిరి 6/60 దగ్గర ఆగిపోవచ్చు, ఏ అద్దం పెట్టినా లాభముండదు. ఈ రెండింటినీ విడదీయడానికి వైద్యుల దగ్గర పైసా ఖర్చులేని సాధనం ఒకటుంది. నల్లని రేకుకు సన్నని బెజ్జం. దాని గుండా చూస్తే చూపు మెరుగైతే లోపం అద్దాలతో పోయేది. మెరుగవకపోతే లోపల ఇంకేదో ఉంది, శుక్లమో నల్లగుడ్డు మచ్చో రెటీనా జబ్బో వెతకాలి. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయినవాళ్లు పిడికిలి బిగించి ఆ సందులోంచి చూసి ఊరి పేరు చదువుకోవడం వెనక ఉన్న సూత్రమూ ఇదే.

కాజీపేట గేటు దగ్గర

ఈ భిన్నానికి వరంగల్‌లో అన్నింటికన్నా కఠినమైన కాపలాదారు రైల్వే. కాజీపేట జంక్షన్‌లో సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు మూడూ కలుస్తాయి. డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు, రన్నింగ్ రూములు, తరాలుగా లోకో పైలట్లున్న కుటుంబాలు అక్కడున్నాయి. రైల్వే తన ఉద్యోగాలన్నింటినీ చూపును బట్టి కొన్ని తరగతులుగా విడదీసింది. మొదటిది ఏ-1, ఇంజను నడిపేవాళ్లది. చేరేటప్పుడు రెండు కళ్లూ విడివిడిగా 6/6 ఉండాలి, అదీ అద్దాలు లేకుండా. స్టేషన్ మాస్టర్లు వచ్చే ఏ-2కి 6/9, 6/9, అద్దాలు లేకుండానే. ఏ-3కి కూడా 6/9 అయినా రెండు డయాప్టర్ల లోపు అద్దాలకు ఒప్పుకుంటారు. అట్లా బీ, సీ తరగతులకు దిగేకొద్దీ పట్టు సడలుతుంది. సీ-2కి ఒక కంట్లో 6/12 ఉంటే చాలు.

ఏ-1లో ఇంకొక మడత ఉంది, దాన్ని ఫాగింగ్ టెస్ట్ అంటారు. 6/6 గడగడా చదివేసిన కుర్రాడి కంటి ముందు ప్లస్ రెండు డయాప్టర్ల అద్దం పెడతారు. ఇప్పుడు అక్షరాలు మసకబారాలి. బారకుండా ఇంకా చదువుతూనే ఉంటే ఫెయిల్! వినడానికి అన్యాయంగా ఉంటుంది గాని లెక్క సరైనదే. ఆ కంట్లో దూరదృష్టి లోపం దాగి ఉందని అర్థం. పడుచు వయసు కాబట్టి లోపలి కండరం బలవంతాన ఆ లోటు పూడుస్తోంది. వయసు మళ్లే కొద్దీ కండరానికి ఓపిక తగ్గుతుంది, లోపం బయటపడుతుంది. అప్పటికి అతని చేతిలో ఇరవై నాలుగు బోగీలుంటాయి. రైల్వే చూస్తున్నది ఇవాళ్టి కన్నును కాదు, పాతికేళ్ల తర్వాతి కన్నును.

రంగుల పరీక్ష కూడా తప్పదు. దానికి వెనక చాలా పాత కథ ఉంది. 1875లో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాక, సిబ్బందిలో ఎవరికో ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవడమే కారణమని హోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త వాదించి, రంగు ఉన్ని పోగులతో ఉద్యోగులను పరీక్షించే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు మన దగ్గర చూపించే రంగు చుక్కల అంకెల పుస్తకం 1917లో జపాన్ వైద్యుడు ఇషిహారా చేసింది. 6/6 చూపుండీ ఆ చుక్కల్లో అంకె కనపడక వెనుదిరిగేవాళ్లున్నారు. మగవాళ్లలో ఎరుపు ఆకుపచ్చ తికమక ఆడవాళ్లకన్నా చాలా ఎక్కువ, అది తల్లి వైపు నుంచి వచ్చే లక్షణం. చాలామందికి మెడికల్ దాకా తమకుందనే తెలియదు. టమాటా పండిందో లేదో ఇంట్లోవాళ్లు చెబుతుంటే సరిపోయింది మరి.

రైల్వే నియమం కఠినమని నేననను. రాత్రి వానలో సిగ్నల్ చూడాల్సినవాడి కంటిని ఎంత గట్టిగా పరీక్షించినా తప్పులేదు. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. నయీంనగర్‌లోనో కిషన్‌పురలోనో రెండు మూడేళ్లు గది అద్దె, కోచింగ్ ఫీజు కట్టి, రాత పరీక్ష గట్టెక్కాక, మొట్టమొదటిసారి కళ్లు చూపించుకునేది ఆ మెడికల్ గదిలోనే. అక్కడ తెలుస్తుంది ఎడమ కన్ను 6/12 అని. అప్పుడు లేజర్ సర్జరీ చేయించుకుంటానంటే వీల్లేదు. చూపు సరిచేసుకోవడానికి లాసిక్ లాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి అనర్హులని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవని పేజీలో. పోలీసు నియామకాల్లోనూ చూపుకు, రంగుకు, మెల్లకంటికి నియమాలున్నాయి. కోచింగ్‌కు చేరే రోజునే ముందు కళ్ల చీటీ తెచ్చుకోమని చెప్పే సెంటరు ఉంటే దాని పేరు నలుగురికీ చెప్పాల్సిందే.

ఉద్యోగంలో ఉండగా చూపు తగ్గితే పరిస్థితి ఇంత కరుకుగా ఉండదు. రైళ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు కొన్నేళ్లకొకసారి మెడికల్ జరుగుతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ గడువు కుదించుకుపోతుంది. అప్పుడు అద్దాలకు అనుమతి ఉంటుంది. అద్దాలు పెట్టుకునే లోకో పైలట్ డ్యూటీలో రెండో జత కూడా దగ్గర ఉంచుకోవాలి. అప్పటికీ కుదరకపోతే ‘డీకేటగరైజ్’ చేసి వేరే పనిలో వేస్తారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

ఇంకో వరుస

అదే భిన్నం, అదే పలక. ఇప్పుడు వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో నిలబడదాం. కాజీపేట కుర్రాడు కిందిఅంకె చిన్నది కావాలని దేవుడికి మొక్కుతాడు. ఇక్కడి వరుసలో ఉన్న పెద్దమనిషికి అది పెద్దదైతేనే పని జరుగుతుంది. నలభై శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే పింఛను. 2023లో దివ్యాంగులకు అది నెలకు 4,016 రూపాయలైంది. నలభైకి ఒక్క మెట్టు తగ్గినా లేదు.

ఆ 2016 చట్టం మాట ఇది. అద్దాలతో ఎంత సరిచేయగలిగితే అంతా సరిచేశాక, రెండింటిలో మెరుగైన కంటిలో చూపు 3/60 కన్నా తక్కువుంటే అంధత్వం. 6/18 కన్నా తగ్గి 3/60 దాకా ఉంటే అల్పదృష్టి. పక్కచూపు కుంచించుకుపోయి పది డిగ్రీల లోపే మిగిలితే, ఎదురుగా 6/6 చదివినా అంధత్వమే. ఈ వాక్యంలో ‘మెరుగైన కన్ను’, ‘సరిచేశాక’ అన్న రెండు మాటల దగ్గరే క్యాంపుల్లో గొడవంతా జరుగుతుంది.

పత్తి కట్టె తగిలి ఒక కన్ను పూర్తిగా పోయిన రైతుకూలీ వస్తాడు. రెండో కన్ను బాగుంది. వైకల్య శాతాల పట్టిక ప్రకారం అతనికి ముప్ఫై శాతం. "ఒక కన్నే లేకపాయె సారూ, ఇంకేం గావాలె?" అంటాడు. వైద్యుడి దగ్గర జవాబు ఉండదు, ఆయన ముందున్న పట్టికలో మాత్రం ఉంటుంది. అద్దాలు లేకుండా గోడ కూడా సరిగా కనపడని మైనస్ పది పవరు అమ్మాయి వస్తుంది. అద్దాలు పెడితే 6/12 చదువుతుంది. ఆమెకు సున్నా. అద్దాలు కొనగలిగే స్తోమత ఆమెకు ఉందా లేదా అన్నది పట్టికలో గడి కాదు. నా మట్టుకు నాకు ఒంటికన్ను లెక్క మళ్లీ చూడాల్సిందే అనిపిస్తుంది. లోతు అంచనా తెలియని మనిషి గడ్డపార, కొడవలి పట్టుకుని చేసే పనిలో ఎంత నష్టపోతాడో పలక చెప్పలేదు.

గీత జరిపితే ఏమవుతుందో దేశం మొత్తానికి ఒకసారి తెలిసింది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం చాలాకాలం 6/60 కన్నా తక్కువను అంధత్వంగా లెక్కించింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు సరిపోయేలా దాన్ని 3/60కి మార్చారు. ఆరు మీటర్ల దూరంలో పెద్దక్షరం కనపడని మనిషి, మూడు మీటర్ల దగ్గరికొస్తే కనపడిందంటే ఆ మార్పుతో అంధుల జాబితాలోంచి బయటికొచ్చాడు, కంటికి ఏ వైద్యమూ జరగకుండానే. 2006-07 సర్వేలో ఒక శాతంగా ఉన్న అంధత్వం 2015-19 సర్వేలో 0.36 శాతానికి దిగిందని పత్రికల్లో వచ్చింది. రెండూ ఒకే గీటు మీద తీసినవి కావు. ఒకే గీటు మీద పోల్చినా దాదాపు సగం తగ్గింది నిజమే. శుక్లం ఆపరేషన్ల పుణ్యం అది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. శీర్షికలో అంకె చూసినప్పుడు ఏ గీత మీద అని అడగడం మాత్రం మంచిది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ చేసిన అధ్యయనం ఇంకో తరహా నిజం చెప్పింది. మనిషి ఎట్లా వచ్చాడో అట్లాగే, ఉన్న అద్దాలతోనే పరీక్షిస్తే అంధత్వం 1.84 శాతంగా తేలింది. వాళ్లలో దాదాపు ఆరో వంతు మందికి కావాల్సింది ఆపరేషన్ కూడా కాదు, సరైన అద్దాలు. ‘సరిచేశాక’ కొలిస్తే వీళ్లెవరూ లెక్కలోకి రారు. ఆసుపత్రి గదిలో 6/6, ఇంట్లో 6/60. బతికేది ఇంట్లోనే గదా.

పలకకు కనపడనివి

6/6 ఉంటే కళ్లు బాగున్నట్టేనా? కాదు. నీటికాసులు, అంటే గ్లాకోమా, ముందు పక్కచూపును తినేస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరాలను చివరిదాకా వదిలేస్తుంది. 6/6 చదువుతూనే పక్క నుంచి వచ్చే ఆటోను చూడలేని మనుషులున్నారు. మధుమేహం రెటీనాలో రక్తనాళాలను పాడుచేస్తున్నా, ఆ వాపు నడిమధ్యకు చేరేదాకా పలక మీద ఏమీ తేడా తెలియదు. చక్కెర ఉన్నవాళ్లు ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని లోపల చూపించుకోవాలని వైద్యులు పోరుపెట్టేది ఇందుకే. "నాకు మంచిగనే కనవడ్తంది" అన్నది అక్కడ చెల్లే సాకు కాదు.

పిల్లల్లో ఇంకొక మోసం ఉంటుంది. ఒక కన్ను 6/6, రెండోది 6/36 అయినా పిల్లవాడు ఆడతాడు, రాస్తాడు, టీవీ చూస్తాడు. మెదడు మంచి కంటితో పని నడుపుకుని రెండోదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కన్ను మందగించిపోతుంది. చిన్నతనంలో పట్టుకుంటే మంచి కంటికి పట్టీ వేసి రెండోదానికి పని నేర్పవచ్చు, పెద్దయ్యాక కష్టం. అక్షరాలు కూడా రాని మూడు నాలుగేళ్ల వయసులో ఒక్కో కన్ను మూసి ఎదుటి గోడ మీద క్యాలెండర్ బొమ్మ చూపించి అడగడం ఏ తల్లిదండ్రులైనా చేయగల పని. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూస్తే పిల్ల ఏడ్చి చెయ్యి తోసేస్తే అది మారాం కాకపోవచ్చు.

ఇక కొత్తవాడ

కొత్తవాడలో నేసే వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఇక్కడి తివాచీలు పెట్టారు. కొత్తవాడలో ఇప్పుడు మగ్గాల మీద ఉన్నవాళ్లలో నడివయసు దాటినవాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒకరిని తీసుకుపోయి పలక ముందు కూర్చోబెట్టండి, 6/6 చదవొచ్చు. "దూరంది మంచిగనే కనవడ్తంది బిడ్డా. పోగు తెగితే ముడేసుడే అయితలేదు" అంటారు. అద్దాల షాపులో పనిచేసే అమ్మాయి "పెద్దయ్యా, ఇగో ఇవి వెట్టుకొని చూడుండ్రి" అని ప్లస్ రెండు అద్దాలు చేతికిస్తుంది. దీనిపేరు చత్వారం. సంస్కృతంలో నలభైకి ఉన్న పేరులోంచి వచ్చింది, పేరులోనే వయసు చెప్పేసే రోగం. అసలు రోగమూ కాదు.

కంటిలోని కటకం చిన్నతనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువు కోసం తన ఆకారం మార్చుకుంటుంది. పదేళ్ల పిల్లకు ఆ శక్తి పన్నెండు డయాప్టర్ల పైనే ఉంటుంది. నలభై వచ్చేసరికి ఐదుకు అటూ ఇటూ, అరవైకి ఒకటి మిగిలితే గొప్ప. ముప్ఫై మూడు సెంటీమీటర్ల దూరంలో పోగును చూడడానికి కావాల్సింది మూడు డయాప్టర్లు. ఉన్న శక్తినంతా ఒక్కపనికే గంటల తరబడి పెట్టలేం కాబట్టి నలభై నాలుగు, నలభై ఐదు దగ్గరే కళ్లు లాగడం మొదలవుతుంది. స్నెల్లెన్ గురువు డోండర్స్ ఈ లెక్కను 1864లోనే పుస్తకంగా రాశాడు. దగ్గరి చూపును కొలవడానికి ఎన్6, ఎన్8 అనే వేరే గుర్తులున్నాయి, అచ్చుసైజును బట్టి. ఎన్8 దినపత్రిక అక్షరాలకు దగ్గరగా ఉంటుంది. ఏనుమాముల మార్కెట్లో మిరప తొడిమలు తీసే ఆడవాళ్లకూ, బీడీలు చుట్టేవాళ్లకూ, మిషన్ కుట్టేవాళ్లకూ, పెంబర్తిలో ఇత్తడి మీద ఉలి ఆడించేవాళ్లకూ కావాల్సింది ఈ ఎన్6. వాళ్లు ఆరు మీటర్ల అవతల దేన్ని చూసి బతకాలి?

అయినా అంధత్వపు లెక్కలు, దివ్యాంగ పట్టికలు, సర్వేల శీర్షికలు అన్నీ దూరపు చూపు మీదే నడుస్తాయి. దగ్గరి చూపు పోయినవాడు ఈ జాబితాల్లో ఉండడు. అస్సాంలో తేయాకు తెంపే నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2018లో అచ్చయింది. అద్దాలు అందనివాళ్లతో పోలిస్తే అద్దాలు పెట్టుకున్నవాళ్లు తెంపిన ఆకు 21.7 శాతం ఎక్కువ. వాళ్లలో ఎవరూ ప్రభుత్వ లెక్కల ప్రకారం చూపు లేనివాళ్లు కారు.

ఆ సంవత్సరమే ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలైంది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభించారు. రాజకీయాలు ఎట్లున్నా, ఆ శిబిరాల్లో ఒక మంచి పని జరిగింది. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. దూరపు చూపు అద్దాలు కొలత ప్రకారం తయారై తర్వాత వచ్చాయి, కొందరికి ఆలస్యంగా. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఆ అద్దాలు గీతలుపడి, చెవి పుల్ల విరిగి, దారంతో కట్టుకున్నవి ఇప్పటికీ చాలా ముక్కుల మీద కనిపిస్తాయి. చత్వారం అద్దం రెండు మూడేళ్లకోసారి మార్చాల్సింది. ప్రభుత్వ పథకానికి మాత్రం అట్లాంటి గడువు ఉండదు.

కళ్ల చీటీ మీ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆర్‌ఈ అంటే కుడి కన్ను, ఎల్‌ఈ ఎడమ. ముందు అద్దాలు లేకుండా ఎంత, తర్వాత అద్దాలతో ఎంత అని రెండు భిన్నాలు వేర్వేరుగా రాసి ఉండాలి. పీహెచ్ అని ఉంటే అది బెజ్జం రేకు పరీక్ష. ఎస్‌పీహెచ్, సీవైఎల్ కింద ఉన్నవి అద్దం పవర్లు, యాడ్ అన్నది చత్వారం కోసం కలిపినది. అక్షరాలే అందనప్పుడు సీఎఫ్ అని రాస్తారు, వేళ్లు లెక్కపెట్టగలరని. హెచ్‌ఎం అంటే చెయ్యి కదలడం తెలుస్తోందని. పీఎల్ అంటే వెలుతురు తెలుస్తోందని. చాలా అద్దాల షాపుల చీటీల్లో పవర్లు మాత్రమే ఉంటాయి, భిన్నాలుండవు, ఎన్6 గడి ఖాళీ. అడిగి రాయించుకోండి. కొత్త చీటీ వచ్చిందని పాతది పారేయకండి. పోయినసారి అద్దాలతో 6/6 వచ్చి ఈసారి అవే అద్దాలతో 6/12కి దిగి, కొత్త పవరు పెట్టినా ఎక్కకపోతే వెళ్లాల్సింది అద్దాల షాపుకు కాదు, ఆసుపత్రికి. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఓపీకి పొద్దున్నే పోవడం మేలు.